చేతి తిమ్మిర్లకు కోత లేని వైద్యం: కార్పల్ టన్నెల్‌కు ఏది ముందు, ఏది తర్వాత

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కడం. రాత్రి రెండింటికో మూడింటికో చెయ్యి మంటపుట్టి మెలకువ రావడం. లేచి కూర్చుని విదిలిస్తే కాస్త నిమ్మళం కావడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమోనని మొదట అనుమానించాలి. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

నేను హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తాను. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి బీడీలు చుట్టే అక్కలు, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిరపకాయల తొడిమలు తీసే కూలీలు, కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు, టైలర్లు, పాడిబర్రెలున్న రైతులు ఈ బాధతో వస్తుంటారు. చాలామంది చేతిలో ఒక గోలీల కవర్ ఉంటుంది. "నరాల బలానికి" ఇచ్చిన విటమిన్లు, నొప్పి గోలీలు నెలల తరబడి మింగి ఉంటారు. రాత్రిపూట మణికట్టుకు పెట్టుకునే పట్టీ సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. నాకు బాధ కలిగించేది అదే. ఎందుకంటే కోత లేకుండా బయటపడే అవకాశం తిమ్మిరి వచ్చిపోతూ ఉన్న రోజుల్లోనే ఎక్కువ. తిమ్మిరి పోకుండా నిలిచిపోయి, బొటనవేలి కింది కండ కరగడం మొదలైందంటే ఆ అవకాశం చేజారుతున్నట్టే. ఆ రోజులను గోలీలకు ధారపోయకూడదు.

నరం ఎక్కడ ఇరుక్కుంటుంది

అరచెయ్యి మొదట్లో, వాచీ బెల్టు కట్టే చోటుకు కొంచెం ముందు, ఒక సన్నని దారి ఉంది. కింద, పక్కల మణికట్టు ఎముకలు. పైన గట్టి పట్టీలాంటి కణజాలం. ఈ దారిగుండా వేళ్లను ముడిచే, తాళ్లలాంటి స్నాయువులు తొమ్మిది, వాటితోపాటు మీడియన్ నరం అరచేతిలోకి వెళ్తాయి. దారి సాగదు. లోపల స్నాయువుల పొర ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా ఒత్తిడి పడేది నరం మీదే.

మణికట్టు ముందుకు వంగినా వెనక్కి వంగినా ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడు తక్కువ. నిద్రలో మనం చెయ్యి మడిచి చెంప కిందో దిండు కిందో పెట్టుకుంటాం, గంటల తరబడి అలాగే ఉంటాం. రాత్రిళ్లు బాధ ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే. కోత లేని వైద్యం చాలావరకు ఈ ఒక్క విషయం మీద నిలబడి ఉంది.

మొదటి అడుగు: అదేనా, కాదా తేల్చుకోండి

పాత క్యాలెండర్ కాగితం తీసుకోండి. వెనకవైపు మీ చెయ్యి పరిచి పెన్నుతో చుట్టూ గీత గీయండి. తిమ్మిరి ఎక్కడ ఉంటుందో అక్కడ రంగు పూయండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు చూసుకుని పొద్దున పూస్తే ఇంకా మంచిది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలులో నడిమివేలి వైపు సగం రంగు పడి, చిటికెనవేలు తెల్లగా మిగిలితే అది మీడియన్ నరం సంతకం. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఈ కాగితం వెంట తీసుకెళ్లండి. "చెయ్యంతా తిమ్మిరే సార్" అని నోటితో చెప్పేదానికంటే ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది.

తర్వాత ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. మోచేతులు పక్కలకు ఎత్తి, రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు వేలాడేలా పెట్టి ఒక నిమిషం ఉంచండి. ఆ నిమిషంలోపే ఆ మూడు వేళ్లలో తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. రెండోది ఇంకొకరి సాయంతో. అరచెయ్యి మొదట్లో, మణికట్టు గీత నుంచి కొంచెం వేళ్ల వైపు, బొటనవేలితో అదిమి అరనిమిషం పట్టి ఉంచమనండి. వేళ్లలోకి జివ్వుమని పాకితే అదీ ఒక గుర్తే. రెండిట్లో ఏదీ రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: బొటనవేలి కింది కండ. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ ఒక చేతిలో చదునుగానో గుంటపడ్డట్టుగానో కనిపిస్తోందా? అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలిని నిటారుగా ఇంటికప్పు వైపు లేపి, రెండో చేత్తో కిందికి నొక్కి చూడండి. ఇట్టే పడిపోతోందా? అవును అయితే ఈ వ్యాసంలోని పద్ధతులతో వారాలు గడపకండి. నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కొన్ని బాధలు దీనిలా కనిపించి మోసం చేస్తాయి. చిటికెనవేలు, దాని పక్క సగం వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర వేరే నరం నొక్కుకుంటున్నట్టు. మెడ తిప్పితే, తుమ్మితే నొప్పి భుజం నుంచి చేతికి దిగితే మెడ ఎముకల మధ్య నుంచి వచ్చే నరం సంగతి చూడాలి. రెండు పాదాలు కూడా మొద్దుబారుతుంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. చెయ్యి హఠాత్తుగా చచ్చుబడి, మూతి వంకరపోయి, మాట తడబడితే అది పక్షవాతం, ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. మణికట్టు ఎముక విరిగిన తర్వాత గంటల్లోనే వేళ్లు మొద్దుబారి నొప్పి భరించలేనంతగా పెరిగితే అదీ అత్యవసరమే.

రెండో అడుగు: వెనక ఏదైనా జబ్బు ఉందా

మనవాళ్లు చేసిన పని మీదే నింద వేసుకుంటారు. "బీడీలు చుట్టి చుట్టి ఇట్లయింది" అంటారు. పని పాత్ర ఉంది, కాదనను. కానీ థైరాయిడ్ తక్కువగా ఉండటం, షుగర్, కీళ్లవాతం, బరువు ఎక్కువగా ఉండటం, గర్భం, ఎప్పుడో మణికట్టు ఎముక విరిగి ఉండటం, ఏళ్ల తరబడి డయాలసిస్, ఇవి కూడా నరాన్ని నొక్కుతాయి. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. థైరాయిడ్ తక్కువైన మనిషికి పట్టీ ఎంత కట్టినా, లోపల వాపు తగ్గాలంటే థైరాయిడ్ గోలీ కావాల్సిందే.

అందుకే థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, షుగర్ పరీక్షలు తప్పనిసరిగా చేయించుకోండి. సర్కారు దవాఖానలో డాక్టర్ రాసిస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఈ రక్తపరీక్షలు ఉచితం. మీ పీహెచ్‌సీలోనే రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపుతారు. పొద్దున లేవగానే చేతి కీళ్లు గంటసేపు బిగుసుకుపోతుంటే, వేళ్ల కణుపులు వాస్తుంటే ఆ మాట డాక్టర్‌కు విడిగా చెప్పండి. అది కీళ్లవాతం వైపు చూపే గుర్తు.

నర్వ్ కండక్షన్ అనే పరీక్ష కూడా ఉంది. చేతికి చిన్న చిన్న కరెంటు తాకిళ్లు ఇచ్చి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. లక్షణాలు స్పష్టంగా ఉండి తేలిగ్గా ఉన్నప్పుడు అది లేకుండానే పట్టీతో మొదలుపెట్టవచ్చు. అనుమానం తీరకపోతే, బాధ తీవ్రంగా ఉంటే, ఆపరేషన్ మాట వస్తే మాత్రం చేయించాలి. తొలిదశలో అది నార్మల్‌గా రావచ్చు. అంతమాత్రాన మీ బాధ అబద్ధం కాదు.

మూడో అడుగు: రాత్రి పట్టీ

మొత్తం వైద్యంలో నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఇక్కడే. ఖర్చు తక్కువ, దుష్ఫలితాలు దాదాపు లేవు, అయినా ఎక్కువమంది తప్పుగా వాడి "పనిచేయలేదు" అని పక్కన పడేసేదీ ఇదే.

మెడికల్ షాపులో "రిస్ట్ స్ప్లింట్" అని అడగండి. అరచేతి వైపు లోపల ఒక లోహపు పట్టీ ఉండాలి. లోహం లేని సాగే బ్యాండ్, క్రేప్ బ్యాండేజ్ వద్దు. అవి మణికట్టు వంగకుండా ఆపవు, పైగా అసలే ఇరుకైన చోట మరింత బిగుస్తాయి. బొటనవేలితో సహా వేళ్లన్నీ బయటికి ఉండాలి. పట్టీ అంచు అరచేతిలో వేళ్లు ముడిచే గీత దాటకూడదు. పెట్టుకుని పిడికిలి బిగిస్తే పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే పట్టీ పొడవు ఎక్కువైనట్టు, మార్చుకోండి. కుడి ఎడమలకు వేరువేరుగా దొరుకుతాయి, సైజు కోసం మణికట్టు చుట్టుకొలత టేపుతో కొలుచుకుని పోతే షాపులో తడుముకోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. షాపులో కొన్న పట్టీల్లో చాలావాటికి ఆ లోహపు పట్టీ పైకి వంగి వస్తుంది. అది పెట్టుకుంటే చెయ్యి మోటారుసైకిల్ యాక్సిలరేటర్ పట్టుకున్నట్టు వెనక్కి వంగి ఉంటుంది. విరిగిన, బెణికిన చేతులకు ఆ వంపు పనికొస్తుందేమో గాని మనకు కావలసింది తిన్నని మణికట్టు. కాబట్టి పెట్టుకునే ముందు ఇలా చేయండి. అరచేతి వైపు ఉన్న సంచి లాంటి అర తెరిచి లోహాన్ని బయటికి లాగండి. టేబుల్ మీద పెడితే మధ్యలో లేచి ఉన్న వంపు కనిపిస్తుంది. టేబుల్ అంచుకు ఆనించి రెండు చేతులతో మెల్లగా నొక్కుతూ చదును చేయండి. అల్యూమినియం అయితే సులువుగా వంగుతుంది. తిరిగి అరలో పెట్టి, చేతికి కట్టుకుని, పక్కనుంచి అద్దంలో చూసుకోండి. ముంజేతి వెనకభాగం, అరచేతి వెనకభాగం ఒకే గీతలో ఉండాలి. చెయ్యి బిగుసుకున్న మనిషి అయితే ఇంట్లో ఇంకొకరితో ఈ పని చేయించండి.

వెల్‌క్రో పట్టీలు బిగించాక కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. తెల్లారి వేళ్లు ఉబ్బినా, పట్టీ అచ్చులు లోతుగా పడినా బిగింపు ఎక్కువైనట్టు. రాత్రికి గాజులు, వాచీ, తాయెత్తు దారం తీసేయండి. రెండు చేతులకూ తిమ్మిరి ఉంటే రెండు పట్టీలు కావాలి. ఒకటే కొనగలిగితే ఎక్కువ బాధించే చేతితో మొదలుపెట్టండి.

ఎండాకాలంలో మన దగ్గర పట్టీ పెట్టుకుని పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పాత కాటన్ సాక్సు పాదం వైపు కత్తిరించి, బొటనవేలికి రంధ్రం చేసి లోపల తొడుక్కుంటే చెమట అది పీల్చుకుంటుంది, దద్దుర్లు రావు. పట్టీ వారానికి ఒకసారి లోహం తీసి సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరేయాలి. మొదటి రెండు మూడు రాత్రులు నిద్రలోనే విప్పి పడేస్తారు, దాదాపు అందరూ. అలా జరిగితే మెలకువ రాగానే మళ్లీ పెట్టుకోండి, మానేయకండి.

ఎన్నాళ్లు? ప్రతి రాత్రి, కనీసం ఆరు వారాలు. మంచి ఫలితం కనిపిస్తే ఇంకొన్ని వారాలు కొనసాగించి తర్వాత మెల్లగా మానొచ్చు. గోడ క్యాలెండర్‌లో రోజూ ఒక అంకె రాయండి: రాత్రి తిమ్మిరితో ఎన్నిసార్లు లేచారు. మొదటి వారం మూడు, నాలుగు ఉండే అంకె నెల తిరిగేసరికి ఒకటికో సున్నాకో వస్తే దారి సరైనదే. ఆరు వారాలకూ అంకె కదలకపోతే తర్వాతి మెట్టు ఎక్కాలి.

పగలు పనిలో పట్టీ పెట్టుకోవద్దనే నేను చెప్తాను. కట్టుకుని బీడీలు చుడితే, కత్తెర పట్టుకుంటే పట్టీకి ఎదురు లాగుతూ వేళ్లు మరింత బలం పెడతాయి. దూరం బస్సులో కునికిపాట్లు పడేటప్పుడు, ఫోన్ పట్టుకుని కూర్చునేటప్పుడు మాత్రం పెట్టుకోవచ్చు.

నాలుగో అడుగు: చేతిపని మానకుండా మార్చుకోవడం

"పని బంద్ పెట్టు" అని చెప్పడం సులువు. పూట గడవాలి కాబట్టి ఆ సలహా ఎవరూ పాటించరు. గట్టిగా పట్టడం, అదే కదలికను మళ్లీ మళ్లీ చేయడం, మణికట్టు వంచి ఉంచడం, యంత్రాల అదురు: ఈ నాలుగిట్లో రెండు మూడు కలిసినప్పుడే నరానికి ఎక్కువ ముప్పు. కనుక అన్నీ తీసేయలేకపోయినా ఒకటి తగ్గించినా లాభమే.

బీడీలు చుట్టే అక్కల సంగతి తీసుకుందాం. చాట ఒళ్లో పెట్టుకుని మెడ వంచి కూర్చుంటారు. మణికట్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఎత్తు పీట మీదో, దిండు మీదో చాట పెట్టండి. చాట మోకాలికంటే కొంచెం పైకి లేస్తే ముంజేయి, మణికట్టు ఒకే గీతలోకి వస్తాయి. తునికాకు సరిగ్గా తడిసి మెత్తబడకపోతే చుట్టేటప్పుడు, కొన మడిచేటప్పుడు వేళ్లు రెట్టింపు బలం పెట్టాలి. అందుకని రాత్రే సరిగ్గా తడిపి గుడ్డలో చుట్టి ఉంచండి. మొద్దు కత్తెర నరానికి శత్రువు, సానపట్టించండి. ఆకు కత్తిరించడమంతా ఒకేసారి, చుట్టడమంతా ఒకేసారి కాకుండా కలిపి చేసుకోండి. కండలు మారుతూ పనిచేస్తాయి. ఒక్కో కట్ట అయ్యాక చేతులు రెండూ చాపి, వేళ్లు విప్పి పది లెక్కపెట్టండి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చేతికి ఆ కొద్దిపాటి విరామాలే ఊపిరి.

పాలు పిండడం ఇంకో పెద్ద పని. రెండు బర్రెలుంటే పొద్దున, సాయంత్రం చేతులు పూర్తి బలంతో మూసి తెరుస్తూనే ఉంటాయి. ఈ ఆరు వారాలైనా ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. ఇది అడిగినప్పుడు ఇంటి మగవాళ్లు ముఖం చిట్లిస్తారు. కానీ ఆపరేషన్ అయితే వారాల తరబడి ఆ చెయ్యి పాలు పిండదు, ఆ మాట వాళ్లకు సూటిగా చెప్పండి.

బట్టలు పిండేటప్పుడు మెలిపెట్టకండి. తీగ మీద వేసి నీళ్లు కారనివ్వండి, లేదా నల్లా చుట్టూ వేసి రెండు కొనలు పట్టుకుని లాగండి. జొన్నరొట్టెలు రోజూ చేసే ఇళ్లలో అరచేతి మొదలుతో అదమడం బదులు వేళ్లతో తట్టడం మంచిది. మిరపకాయల తొడిమలు తీసే వాళ్లు కుప్ప ముందు నేల మీద వంగి కూర్చోకుండా గంప ఎత్తు మీద పెట్టుకోవాలి, చేతులు మార్చుతూ ఉండాలి. టైలర్లు, నేతగాళ్లు మణికట్టు టేబుల్ అంచుకు ఆనకుండా చూసుకోవాలి. పడుకుని ఫోన్ ముఖం మీదికి పట్టుకునే అలవాటు యువతలో ఉంది. అది మణికట్టును వంచి గంటలు పట్టి ఉంచడమే. కంప్యూటర్ కీబోర్డు విషయంలో మాత్రం ఆధారాలు అంత గట్టిగా లేవు. కాబట్టి ఉద్యోగం మానేయాలని భయపడవద్దు, మణికట్టు తిన్నగా ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేసుకుంటే చాలు.

ఐదో అడుగు: కసరత్తులు

నా వృత్తే ఇది అయినా నిజం చెప్పాలి: కసరత్తులకు పట్టీకున్నంత బలమైన ఆధారం లేదు. పట్టీతోపాటు చేస్తే కొందరికి మేలు చేస్తాయి. పట్టీ బదులు చేస్తే చాలవు.

స్నాయువులు కదిలే వరుస: వేళ్లు నిటారుగా చాపండి. తర్వాత కొనలు మాత్రం కొక్కెంలా మడవండి. మళ్లీ చాపండి. పూర్తి పిడికిలి. మళ్లీ చాపండి. వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రమే వంచి, వేళ్లు తిన్నగా ఉంచండి. మళ్లీ చాపండి. ఒక్కో భంగిమలో నాలుగైదు లెక్కలు.

నరం కదిలే వరుస: మణికట్టు తిన్నగా, పిడికిలితో మొదలు. వేళ్లు, బొటనవేలు చాపండి. మణికట్టును మెల్లగా వెనక్కి వంచండి. బొటనవేలిని పక్కకు తెరవండి. అరచెయ్యి పైకి తిప్పండి. చివరికి రెండో చేత్తో బొటనవేలిని సుతారంగా కాస్త వెనక్కి లాగండి. ఐదుసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. ఎక్కడైనా తిమ్మిరి పెరిగితే ఆ భంగిమకు ముందే ఆగిపోండి, మరుసటి రోజు అక్కడివరకే చేయండి. బలవంతంగా సాగదీస్తే నరం ఇంకా వాస్తుంది.

రబ్బరు బంతి పిసకడం మానేయండి. "చెయ్యికి బలం వస్తది" అని ఎవరో ఇచ్చి ఉంటారు. గట్టిగా పట్టడమే ఈ జబ్బుకు ఎరువు. మణికట్టు మీద బొటనవేళ్లతో గట్టిగా నొక్కి మర్దన చేయించుకోవడమూ అంతే.

ఆరో అడుగు: గోలీల కవర్ ఖాళీ చేయడం

నొప్పి గోలీలు ఈ జబ్బును తగ్గించవు. ఒకటి రెండు రోజులు నొప్పి ఓర్చుకోవడానికి సరే గాని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు హాని. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. విటమిన్ బి6 ఈ జబ్బుకు పనిచేస్తుందని రుజువు కాలేదు. పైగా బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది, కాళ్లూ చేతులూ మొద్దుబారతాయి. బి12 సంగతి వేరు. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు, మాంసం, పాలు తక్కువ తినేవాళ్లకు బి12 లోపం ఉండవచ్చు. రక్తపరీక్ష చేసి తక్కువ ఉంటే వేసుకోవాలి. గాబాపెంటిన్ లాంటి నరాల మందులు, మూత్రం ఎక్కువ వచ్చే మందులు ఈ జబ్బులో లాభం చూపలేదు. కొద్దిరోజుల స్టెరాయిడ్ గోలీల కోర్సు కొంతకాలం ఉపశమనం ఇస్తుంది, కానీ అది డాక్టర్ చేతిమీదుగానే జరగాలి, షుగర్ ఉన్నవాళ్లకు అసలే జాగ్రత్త. ఊర్లో సూది వేయించుకుని "అందులో ఏముందో తెల్వదు" అనే పరిస్థితి మాత్రం రానివ్వకండి. పేరు అడగండి, చీటీ మీద రాయించుకోండి.

అల్ట్రాసౌండ్ థెరపీ, లేజర్, టేపులు, ఆక్యుపంక్చర్, రాగి కడియాలు: మొదటి రెండూ కొందరికి కొద్దిగా ఉపశమనం ఇవ్వవచ్చు, మిగతావాటి మీద భరోసా పెట్టుకోలేం. ఏదైనా సరే, సరైన పట్టీ ఆరు వారాలు వాడకముందు వీటికి పైసలు పెట్టవద్దు.

ఏడో అడుగు: మణికట్టులో సూది

పట్టీ ఆరు వారాలు నిజంగా వాడినా రాత్రిళ్లు నిద్ర లేకపోతే, లేదా మొదటినుంచే బాధ భరించలేనట్టుంటే, మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఎముకల డాక్టర్‌ను అడగండి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు దవాఖానలో ఎముకల విభాగం ఓపీకి వెళ్లవచ్చు.

దీన్నుంచి ఏం ఆశించాలో ముందే తెలిసి ఉండటం మంచిది. ఇంగ్లండ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో ఒక వర్గానికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాముల సూది ఒకసారి వేశారు, ఇంకో వర్గానికి రాత్రి పట్టీ ఇచ్చారు. 2018లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం ఆరు వారాల దగ్గర సూది వేసుకున్నవాళ్లకు ఎక్కువ ఉపశమనం. ఆరు నెలల దగ్గర రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సూది త్వరగా పనిచేస్తుంది, ఎప్పటికీ పనిచేస్తుందని కాదు. చాలామందికి నెలల తర్వాత తిమ్మిర్లు తిరిగి వస్తాయి. పత్తి ఏరే రోజులు, పెళ్లి, పసిబిడ్డ, ఏదో ఒక కష్టకాలం గట్టెక్కడానికి అది మంచి సాయం.

వెళ్లేముందు షుగర్ ఉందా, రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారా, చేతి మీద పుండు ఉందా చెప్పండి. సూది గుచ్చినప్పుడు కాస్త నొప్పి సహజం. కానీ కరెంటు షాకులా వేళ్లలోకి జివ్వున కొడితే పళ్లబిగువున భరించకండి, "ఆపండి సార్" అని ఆ క్షణమే చెప్పండి. సూది మొన నరాన్ని తాకిందేమో డాక్టర్ సరిచేసుకుంటారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసే వీలుంటే మేలు.

తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరిగి తగ్గవచ్చు. బరువు పనులు ఆ రోజులు వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు కొద్ది రోజులపాటు షుగర్ పెరుగుతుంది. రోజూ చూసుకోండి, మందు మోతాదు గురించి మీ డాక్టర్‌ను ముందే అడగండి. గుచ్చిన చోట చర్మం తెల్లబడటం, పలచబడటం అరుదుగా జరుగుతుంది. ఎర్రబారి, వేడెక్కి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా తిరిగి వెళ్లండి. సూది పడ్డాక కూడా రాత్రి పట్టీ కొనసాగించమనే నా సలహా. రెండు మూడు సార్లకు మించి వేయించుకోవడాన్ని చాలామంది డాక్టర్లు ఒప్పుకోరు. మాటిమాటికీ సూదితోనే నెట్టుకొస్తుంటే లోపల నరం అరిగిపోతున్నదేమో చూడాల్సిన సమయం వచ్చినట్టే.

గర్భిణులకు ఒక మాట

ఆరో ఏడో నెల దాటాక ఒంట్లో నీరు చేరి చేతులు తిమ్మిరెక్కడం చాలామందిలో కనిపిస్తుంది. కాన్పయ్యాక వారాల్లో, నెలల్లో ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా రాత్రి పట్టీ చాలు, సొంతంగా గోలీలు వద్దు. పాలిచ్చేటప్పుడు బిడ్డ తలను మడిచిన అరచేతిలో మోయకండి. ఒళ్లో దిండు పెట్టి బరువంతా దాని మీదే ఉండేలా చూసుకోండి. "బాలింతవు కదా, వాతం చేసింది" అని పెద్దవాళ్లు కొట్టిపారేసినా, కాన్పై కొన్ని నెలలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి.

ఎప్పుడు ఆగి ఆపరేషన్ వైపు చూడాలి

నాలుగు గుర్తులు. తిమ్మిరి పగలూ రాత్రీ ఒకేలా ఉండిపోవడం. బొటనవేలి కండ కరగడం. గుండీలు పెట్టుకోలేకపోవడం, గ్లాసులు జారిపోవడం, చూడకుండా చేతిలో నాణెం ఉందో ఆకు ఉందో తెలియకపోవడం. నర్వ్ కండక్షన్ పరీక్షలో తీవ్రంగా ఉందని రావడం. ఇందులో ఏది ఉన్నా పట్టీలు, సూదులతో కాలం గడపడం మీ చేతికి అన్యాయం. ఒక విచిత్రమైన మోసం కూడా ఉంది: ఏళ్ల బాధ తర్వాత నొప్పి హఠాత్తుగా తగ్గి, మొద్దుతనం మాత్రం మిగిలిపోతుంది. తగ్గిందని సంబరపడకండి. నరం నొప్పి చెప్పే శక్తి కూడా కోల్పోతున్నప్పుడు అలా జరుగుతుంది.

ఆపరేషన్ అంటే బెదిరిపోయే పని లేదు. చేతి వరకే మత్తు ఇచ్చి, నరం మీది గట్టి కణజాలాన్ని తెరుస్తారు. చాలావరకు అదే రోజు ఇంటికి పంపిస్తారు. వెళ్లేటప్పుడు రంగుపూసిన ఆ చేతిబొమ్మ, రాత్రుళ్ల లెక్క ఉన్న క్యాలెండర్, థైరాయిడ్, షుగర్ రిపోర్టులు, ఎన్ని వారాలు పట్టీ వాడారు, సూది ఎప్పుడు పడింది, అందులో ఏ మందు అని రాసిన చీటీ, వేసుకుంటున్న గోలీలన్నీ ఒక కవర్‌లో పెట్టుకుని వెళ్లండి. నర్వ్ కండక్షన్ రిపోర్టు ఉంటే దాన్ని పైన పెట్టండి. రెండు చేతులకూ బాధ ఉంటే ఏ చెయ్యి ముందు, రెండోది ఎన్నాళ్లకు, మళ్లీ పనిలో ఎప్పుడు కూర్చోవచ్చు అన్నది అక్కడే, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే అడగండి.